“మీ ఆయన్ని తీసుకురండి” అని ఆమెతో అనేసి ఊరుకోకండి

“వచ్చేసారి మీ ఆయన్ని కూడా తీసుకురండి.” గర్భిణులకు హెచ్‌ఐవీ టెస్టు చేసే గదిలో ఈ మాట రోజూ వినిపిస్తుంది. నేను ఆ గదిలోనే కౌన్సెలింగ్ చేస్తాను కాబట్టి, ఆ మాట విన్నాక ఆడవాళ్ల ముఖం ఎలా మారిపోతుందో దగ్గర నుంచి చూస్తుంటాను. అన్నవాళ్లకు అది ఒక్క వాక్యం, ఆ వెంటనే ఇంకొకరిని లోపలికి పిలుస్తారు. విన్నామెకు మాత్రం ఇంటికి వెళ్లేదాకా, వెళ్లాక కూడా టెన్షనే. ఆయనతో ఈ విషయం ఎక్కడ మొదలుపెట్టాలి, “నాకెందుకు టెస్టు, నీకేమైనా ఉందా, నా మీద అనుమానమా” అని అడిగితే ఏం చెప్పాలి, చెప్పాక ఏమవుతుంది.

నేను ఈ పోస్టు రాస్తున్నది ఆ ఒక్క వాక్యం గురించే. బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా ఆపాలంటే తండ్రి కూడా టెస్టుకు రావాలి, ఆ విషయంలో నాకు రవ్వంత సందేహం లేదు. కానీ ఆయన్ని రప్పించే బాధ్యత కడుపుతో ఉన్న మనిషి నెత్తిన పెట్టడం అన్యాయం, పైగా దాంతో పని కూడా జరగదు. పిలవాల్సింది ఆస్పత్రి. ఆమె ఒప్పుకుంటే, ఆమె చెప్పిన పద్ధతిలో పిలవాలి.

ముందు ఆయన ఎందుకు రావాలో చెప్తాను, ఎందుకంటే ఇది ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసేవాళ్లలో కూడా చాలామందికి పూర్తిగా తెలియదు. తల్లికి హెచ్‌ఐవీ ఉండి ఏ చికిత్సా లేకపోతే గర్భంలోనో, కాన్పులోనో, పాల ద్వారానో బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. సరైన మందులు సరైన సమయంలో వాడితే అది 5 శాతం లోపుకు వస్తుంది, మందులు బాగా పనిచేసి వైరస్ అణిగి ఉన్న తల్లుల్లో 1 శాతం కన్నా కూడా తక్కువ. 1994లో జిడోవుడిన్ అనే ఒకే ఒక్క మందుతో ఈ ముప్పు మూడింట రెండొంతులు తగ్గుతుందని తేలినప్పుడే అదో పెద్ద వార్త. తర్వాత 2011లో మలావీ దేశం, గర్భిణికి హెచ్‌ఐవీ ఉందని తెలిసిన రోజు నుంచే జీవితాంతం మందులు ఇవ్వడం మొదలుపెట్టింది, మిగతా దేశాలూ అదే దారి పట్టాయి. 2015లో క్యూబా, తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ, సిఫిలిస్ (ఇదీ కలయిక ద్వారా సోకే జబ్బే) సోకడాన్ని నిర్మూలించిన మొదటి దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది. మరుసటి ఏడాది థాయ్‌లాండ్ కూడా ఆ గుర్తింపు తెచ్చుకుంది. అంటే ఇది చేయగలిగిన పనే, మందులున్నాయి, పద్ధతి తెలుసు. అయినా 2023లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 1,20,000 మంది పిల్లలకు కొత్తగా హెచ్‌ఐవీ సోకిందని ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ కార్యక్రమం అంచనా.

ఎందుకిలా అంటే కారణాలు చాలా ఉన్నాయి. టెస్టు దాకా రాని తల్లులున్నారు, మందులు మధ్యలో ఆపేసినవాళ్లున్నారు. కానీ నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మూడో గుంపు. వీళ్లకు మూడో నెలలో టెస్టు చేస్తే నెగెటివ్ వచ్చింది. కార్డు మీద నెగెటివ్ అని రాశారు, అందరూ ఊపిరి పీల్చుకున్నారు, ఆ పేజీ అక్కడితో మూసేశారు. ఆ తర్వాత ఆరో నెలలోనో, బిడ్డకు పాలిస్తున్నప్పుడో ఆమెకు కొత్తగా సోకింది. కొత్తగా సోకిన తొలి వారాల్లో ఒంట్లో వైరస్ విపరీతంగా పెరుగుతుంది, సరిగ్గా ఆ సమయంలో బిడ్డ కడుపులో ఉంటేనో, పాలు తాగుతుంటేనో బిడ్డకు చేరే ముప్పు చాలా ఎక్కువ. ఆమెకు మందులు లేవు, ఎందుకంటే ఆమె నెగెటివ్ అని కార్డు చెప్తోంది. బిడ్డకు పుట్టగానే ఇవ్వాల్సిన మందూ ఎవరూ ఇవ్వరు, కారణం అదే. ఆఫ్రికాలో వేలాది జంటలను గమనించి 2018లో ప్రచురించిన ఒక పరిశోధన ప్రకారం, గర్భం చివరి నెలల్లో స్త్రీకి హెచ్‌ఐవీ సోకే అవకాశం మామూలు రోజులతో పోలిస్తే దాదాపు 3 రెట్లు, కాన్పు తర్వాతి నెలల్లో దాదాపు 4 రెట్లు ఎక్కువ. ఒక్కో కలయికకు ఉన్న ముప్పును లెక్కగట్టి చెప్పిన మాట ఇది.

మరి ఆమెకు ఎవరి నుంచి సోకుతుంది? ఎక్కువమంది విషయంలో జవాబు మనందరికీ తెలిసిందే, పక్కనున్న మనిషి నుంచే. ఆయన చెడ్డవాడని నేను అనడం లేదు. చాలామంది మగవాళ్లకు తమకు ఉందన్న సంగతే తెలియదు, ఏళ్ల తరబడి ఒంట్లో ఏ లక్షణమూ లేకుండా తిరుగుతుంటారు, టెస్టు చేయించుకునే సందర్భం వాళ్ల జీవితంలో రాదు. ఆడవాళ్లకు గర్భం వచ్చినప్పుడైనా టెస్టు జరుగుతుంది. మగవాళ్లకు అలాంటి గడప ఏదీ లేదు. అందుకే భార్య కడుపుతో ఉన్న ఆ తొమ్మిది నెలలూ ఆయన్ని కలుసుకోవడానికి మనకు దొరికే చాలా విలువైన అవకాశం, దాన్ని ఒక్క వాక్యంతో చేజార్చుకుంటున్నాం.

ఇక్కడ ఒక పెద్ద అపోహ ఉంది, దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. “ఆమెకు నెగెటివ్ వచ్చింది కదా, అంటే నాకూ లేనట్టే” అని మగవాళ్లు అంటారు. చదువుకున్నవాళ్లూ అంటారు, ఎంతో నమ్మకంగా అంటారు. ఇది తప్పు. హెచ్‌ఐవీ ప్రతి కలయికలోనూ సోకదు, ఒకరికి ఉండి మరొకరికి ఏళ్లపాటు సోకని జంటలు ఎన్నో ఉన్నాయి. ఆమె టెస్టు ఆమె గురించి మాత్రమే చెప్తుంది, ఆయన గురించి ఏమీ చెప్పదు. ఇదే అపోహ తిరగేసి కూడా ఉంటుంది, అది ఇంకా ప్రమాదం. ఆమెకు పాజిటివ్ వస్తే “నాకూ ఉండే ఉంటుంది, ఇంక టెస్టు ఎందుకు” అని ఆయన ఊరుకుంటాడు. ఆయనకు లేకపోవచ్చు! లేకపోతే లేకుండానే కాపాడుకోవచ్చు. లేదంటే “నీకే వచ్చింది కాబట్టి నువ్వే తెచ్చావు” అంటాడు, కానీ ముందు ఎవరికి టెస్టు చేస్తే వాళ్ల విషయమే ముందు బయటపడుతుంది తప్ప, ముందు ఎవరికి సోకిందో ఆ టెస్టు చెప్పదు. ఆడవాళ్లకు గర్భంలో టెస్టు చేస్తాం కాబట్టి ఇంట్లో మొదట తెలిసేది ఆమె గురించే, నిందా ఆమె మీదే పడుతుంది. ఇద్దరికీ ఒకే రోజు, ఒకే గదిలో, పక్కపక్కన కూర్చోబెట్టి టెస్టు చేస్తే ఈ నింద చాలావరకు తగ్గుతుంది. జంటగా వచ్చి టెస్టు చేయించుకోవడం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది.

ఒకరికి ఉండి ఒకరికి లేని జంటలకు నేను తప్పకుండా చెప్పే సంగతి ఇంకొకటుంది. 2011లో బయటికొచ్చిన ఒక పెద్ద పరిశోధనలో, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు తొందరగా మందులు మొదలుపెడితే భాగస్వామికి సోకే ముప్పు 96 శాతం తగ్గిందని తేలింది. 2016లో వచ్చిన పార్ట్‌నర్ అధ్యయనం ఇంకా ముందుకెళ్లింది. మందులతో వైరస్ పూర్తిగా అణిగిపోయినవాళ్ల నుంచి, కండోమ్ లేకుండా దాదాపు 58,000 సార్లు కలిసినా, భాగస్వామికి ఒక్కరికీ సోకలేదు. ఈ మాట వినగానే కొందరి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఇంక భార్యను ముట్టుకోకూడదేమో, పిల్లల్ని కనకూడదేమో అని లోపల కుమిలిపోతూ వచ్చినవాళ్లు వాళ్లు. అయితే మందు మొదలుపెట్టిన రోజే వైరస్ అణిగిపోదు, కొన్ని నెలలు పడుతుంది, రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే వైరల్ లోడ్ టెస్టు చేసి చూశాకే ఆ మాట అనుకోవాలి, అప్పటిదాకా కండోమ్ వాడాల్సిందే. తల్లి పాల విషయంలో కూడా వైరస్ అణిగి ఉంటే ముప్పు బాగా తగ్గుతుంది కానీ పూర్తిగా సున్నా అని చెప్పలేం. అందుకే పాలిచ్చినన్నాళ్లూ తల్లి ఒక్క రోజు కూడా మందు మానకూడదు.

ఆ మందు మానకుండా ఉండటం దగ్గరే భర్త పాత్ర మళ్లీ వస్తుంది. భర్తకు తెలియకుండా రోజూ మాత్ర వేసుకోవడం ఎంత కష్టమో ఊహించండి. డబ్బాలోంచి తీసి కాగితంలో చుట్టి దాచుకోవాలి, అందరూ పడుకున్నాక మింగాలి, ఆయన ఇంట్లో ఉన్న రోజు మానేయాలి. బిడ్డ పుట్టాక రోజూ చుక్కల మందు వేయాలి, దాదాపు ఆరు వారాల పాటు, కొందరికి ఇంకా ఎక్కువ రోజులు. అది ఎందుకని ఎవరైనా అడిగితే ఏం చెప్తుంది? నాలుగు నుంచి ఆరు వారాల మధ్య బిడ్డకు రక్తపరీక్ష చేయించాలి, మళ్లీ తర్వాత, చివరిగా 18 నెలలప్పుడు. ఇవన్నీ ఒంటరిగా, రహస్యంగా మోసే తల్లి ఎక్కడో ఒకచోట తప్పిపోతుంది. తప్పు ఆమెది కాదు. నైరోబీలో జరిగి 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, గర్భ సమయంలో తండ్రులు క్లినిక్‌కు వచ్చిన కుటుంబాల్లో పిల్లలకు హెచ్‌ఐవీ సోకడం తక్కువగా ఉంది, హెచ్‌ఐవీ లేకుండా బతికిన పిల్లలు ఎక్కువగా ఉన్నారు. ఆయన రాక ఒక్కటే కారణమని అనలేం, వచ్చే భర్త ఉన్న ఇంట్లో మిగతావి కూడా బాగుండి ఉండొచ్చు. కానీ నేను చూసినదానికి ఆ లెక్క సరిపోతుంది.

సరే, ఇంత ముఖ్యమైనప్పుడు మగవాళ్లు ఎందుకు రారు? “మగాళ్లకు బాధ్యత లేదు” అని తేల్చేయడం చాలా తేలిక. ఒకసారి ఆయన కళ్లతో మన క్లినిక్‌ని చూడండి. ఆయన పనికి వెళ్లే వేళల్లోనే మన తలుపులు తెరిచి ఉంటాయి, రావాలంటే ఆ రోజు కూలి పోతుంది. వచ్చాక కూర్చోవడానికి చోటు ఉండదు, గోడకు ఆనుకుని నిలబడతాడు, చుట్టూ ఆడవాళ్లే. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు “మీరు బయటుండండి” అంటారు. బిడ్డ ఎలా ఉందో, గుండె ఎలా కొట్టుకుంటుందో ఆయనకు ఎవరూ చెప్పరు. చివరికి ఆయనతో ఎవరైనా మాట్లాడారంటే అది రక్తం ఇవ్వమని అడగడానికే. నిజానికి తండ్రి కాబోయే మనిషికి అడగాలని బోలెడు ప్రశ్నలుంటాయి, అడిగే వీలు మనం ఇవ్వం. ఆయన్ని ముందు ఆ బిడ్డ తండ్రిగా లోపలికి పిలిచి, కాన్పు తేదీ, ప్రమాద సూచనలు, రాత్రిపూట అవసరమైతే ఎక్కడికి రావాలి అన్నీ చెప్పి, బీపీ చూసి, ఆ తర్వాత మిగతా పరీక్షలతో పాటు హెచ్‌ఐవీ, సిఫిలిస్ టెస్టు గురించి మాట్లాడితే కాదనేవాళ్లు తగ్గిపోతారు. ఇక భయం సంగతి వేరే చెప్పక్కర్లేదు. పాజిటివ్ వస్తే ఏమవుతుందోనన్న భయం ఆడవాళ్లకు ఎంత ఉందో మగవాళ్లకూ అంతే ఉంది, బయటికి చెప్పరంతే.

ఇప్పుడు అసలు గొడవ దగ్గరికి వస్తాను. మగవాళ్లు రావడం లేదని కొన్ని చోట్ల ఒక అడ్డదారి పట్టారు. భర్తతో వచ్చినవాళ్లను ముందు చూస్తారు, ఒంటరిగా వచ్చినవాళ్లు చివర. ఇంకా కఠినంగా ఉన్న చోట్ల, భర్త లేకుండా వస్తే వెనక్కి పంపేయడమే. పైకి చూస్తే ఇది పనిచేసినట్టే కనిపిస్తుంది, రిజిస్టర్లో మగవాళ్ల సంఖ్య పెరుగుతుంది కూడా. కానీ భర్త వదిలేసినామె ఏం చేయాలి? పెళ్లి కాకుండా గర్భవతి అయిన పిల్ల? భర్త వేరే ఊళ్లో పని చేసుకుంటున్నామె? ఇంట్లో రోజూ దెబ్బలు తినే ఆమె? కొన్ని ఆఫ్రికా దేశాల్లో ఇలాంటి నిబంధన పెట్టినప్పుడు, ఆడవాళ్లు ఎవరో ముక్కూముఖం తెలియని మగవాణ్ణి భర్త అని చెప్పి వెంట తెచ్చుకున్నారని పరిశోధకులు రాశారు. కొందరు అసలు క్లినిక్‌కే రావడం మానేశారు. బిడ్డను కాపాడాలని పెట్టిన నిబంధన, ఎక్కువ ప్రమాదంలో ఉన్న తల్లినే గడప దాటి లోపలికి రానివ్వకపోతే దానికన్నా ఘోరం ఏముంటుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో మగవాళ్లను భాగస్వాములను చేయమని చెబుతూనే ఒక షరతు పెట్టింది, ఆ స్త్రీ ఇష్టాన్ని, తన గురించి తాను నిర్ణయించుకునే హక్కును గౌరవించేలా చేస్తేనే చేయమని. మనవాళ్లు మొదటి సగం గుర్తుపెట్టుకుని రెండో సగం వదిలేస్తుంటారు.

కాబట్టి మొదటి మెట్టు ఆమెతో ఒంటరిగా మాట్లాడటం. “మీ ఆయన్ని పిలవమంటారా? పిలిస్తే మీకు ఇబ్బంది ఏమైనా ఉందా? ఇంట్లో ఎప్పుడైనా కొట్టడం, బెదిరించడం జరిగిందా?” తలుపు వేసి, తొందర లేకుండా అడగాలి. అత్తగారి ముందు అడిగితే నిజం బయటికి రాదు. ఆమె వద్దంటే వద్దు, ఎందుకని నిలదీయకూడదు, ఆమె గురించి ఆమెకే బాగా తెలుసు. సరే అంటే అప్పుడు కబురు ఆస్పత్రి పేరు మీద వెళ్లాలి. చీటీ మీద హెచ్‌ఐవీ అనే మాట ఉండకూడదు, “మీ బిడ్డ, మీ కుటుంబం ఆరోగ్యం గురించి మాట్లాడాలి, ఫలానా రోజు మీరిద్దరూ రండి” అని ఉంటే చాలు. గర్భిణులందరికీ, పాజిటివ్, నెగెటివ్ తేడా లేకుండా అదే చీటీ ఇవ్వాలి, లేకపోతే చీటీ వచ్చిందంటేనే ఊళ్లో అర్థం చేసేసుకుంటారు. ఆమె దాన్ని ఆయన చేతిలో పెట్టి “ఆస్పత్రివాళ్లు ఇచ్చారు” అంటుంది, అంతే. అనుమానం ఆమె మీదికి రాదు.

చీటీ ఒక్కటి సరిపోతుందా అంటే సగం మందికి సరిపోతుంది. మలావీ రాజధాని లిలాంగ్వేలో హెచ్‌ఐవీ ఉన్న గర్భిణులతో చేసిన ఒక అధ్యయనం 2015లో వచ్చింది. చీటీ మాత్రమే పంపినప్పుడు 52 శాతం మంది భర్తలు వచ్చి జంటగా టెస్టు చేయించుకున్నారు. చీటీ పంపాక, రానివాళ్లకు ఆరోగ్య సిబ్బందే ఫోన్ చేసి, అవసరమైతే ఇంటికి వెళ్లి కలిసినప్పుడు అది 74 శాతం అయింది. చూడండి, ఆమె అదనంగా చేసిందేమీ లేదు, చేసింది సిబ్బంది. నేను మొదట్లో అన్నది ఇదే.

అసలు రాలేనివాళ్లకు ఇంకో దారి ఉంది, సెల్ఫ్ టెస్ట్ కిట్. కెన్యాలోని కిసుములో గర్భిణులకు, బాలింతలకు ఈ కిట్లు ఇచ్చి ఇంటికి పంపారు, మూడు నెలల్లో వాళ్ల భాగస్వాముల్లో దాదాపు 91 శాతం మంది టెస్టు చేసుకున్నారు, మామూలు చీటీ ఇచ్చినవాళ్లలో అది 52 శాతం. 2016లో వచ్చిన ఫలితం ఇది. ఎవరూ చూడకుండా, తన ఇంట్లో, తనకు వీలైనప్పుడు చేసుకోవచ్చు కాబట్టి మగవాళ్లకు ఇది నచ్చుతుంది. కానీ ఇదీ ఆమె చేతులమీదుగా వెళ్లేదే, కాబట్టి ఇంట్లో భయం ఉన్నామెకు కిట్ ఇవ్వకూడదు, బలవంతంగా టెస్టు చేయించమని ఎవరికీ చెప్పకూడదు. ఇంకో సంగతి, కిట్‌లో పాజిటివ్ చూపిస్తే అది తుది మాట కాదు, క్లినిక్‌కు వచ్చి మళ్లీ నిర్ధారించుకోవాలి. నెగెటివ్ వచ్చినా, ఈ మధ్యే సోకి ఉంటే మూడు నెలల దాకా టెస్టులో కనబడకపోవచ్చు, కాబట్టి తర్వాత ఇంకోసారి చేసుకోవాలి. ఇప్పటికే హెచ్‌ఐవీ మందులు వాడుతున్నవాళ్లు ఈ కిట్ మీద ఆధారపడకూడదు, తప్పు ఫలితం రావచ్చు.

ఇది చదువుతున్న మగవాళ్లతో కూడా ఒక మాట. మీ భార్య కడుపుతో ఉంటే చీటీ కోసం చూడకండి, మీరే వెళ్లండి. మొదటి నెలల్లో ఒకసారి, ఏడో నెల దాటాక ఇంకోసారి, బిడ్డ పాలు తాగుతున్నప్పుడు మరోసారి ఇద్దరూ టెస్టు చేయించుకుంటే మంచిది, ముఖ్యంగా మధ్యలో ముప్పు ఉండే పని ఏదైనా జరిగి ఉంటే. అది భార్యకు చెప్పలేకపోతే కౌన్సెలర్‌కు చెప్పండి, మేం ఆ మాట బయటపెట్టం. పాజిటివ్ వస్తే అదే రోజు కూడా మందులు మొదలుపెట్టొచ్చు, మీరు ముసలివాళ్లయ్యేదాకా పిల్లల్ని పెంచుకుంటూ బతకొచ్చు. టెస్టు చేయించుకోకుండా “నాకేం లేదులే” అనుకునే రోజుల్లోనే బిడ్డకు ముప్పు.

అన్నీ చేశాక కూడా రానివాళ్లు ఉంటారు. అప్పుడు ఆమెను వదిలేయకూడదు, ఆమె ఒంటరిగా వచ్చినా జరగాల్సినవన్నీ జరగాలి. నెగెటివ్ అయితే మూడో త్రైమాసికంలో మళ్లీ టెస్టు, పాలిచ్చే రోజుల్లో మళ్లీ. భర్త సంగతి తెలియదు, ముప్పు ఉందనిపిస్తోంది అంటే ప్రెప్ మాత్రలు ఇవ్వొచ్చు, హెచ్‌ఐవీ సోకకుండా ముందే వేసుకునే ఈ మందును గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. దానికి ఆయన సంతకం, అనుమతి ఏవీ అక్కర్లేదు. పాజిటివ్ అయితే మందులు, బిడ్డకు చుక్కల మందు, బిడ్డ పరీక్షల తేదీలు, మాత్రలు ఎక్కడ దాచుకోవాలో కూడా కలిసి ఆలోచించి చెప్పడం. ఆయనకు ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో ఆమె నిర్ణయించుకుంటుంది, చెప్పేటప్పుడు పక్కన ఉండమంటే మేం ఉంటాం.